తెల్ల గీత దాటిన మేకు

ఏమోయ్ అమ్మమ్మగారూ,

నీకు ఆశీస్సులు కాస్త, బెంగ బోలెడు. ఇక్కడ నేను, పిల్లి, కొలిమి ముగ్గురం కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అమ్మాయి, అల్లుడు, పెద్ద మనవరాలు, కొత్తగా దిగిన చిన్నోడు అందరూ బాగున్నారని నీ ఉత్తరం చూశాక ఊపిరి పీల్చుకున్నాను. చిన్నోడికి అచ్చం నా ముక్కే వచ్చిందని రాశావు. పాపం, ఏం చేస్తాం. పెద్దయ్యాక మీసం పెంచుకోమను, జనం చూపు కొంత అటు మళ్ళుతుంది. నా విషయంలో అలాగే నెట్టుకొచ్చాం కదా.

నువ్వడిగినవాటికి జవాబులు రాయకపోతే దాటేశానంటావు, అందుకే అవి ముందు. మాత్రలు వేసుకుంటున్నాను. పొద్దుటివి మర్చిపోతే సాయంత్రం రెండూ కలిపి వేసుకోవడం లేదు, ఒట్టు. చూరు కింద కారే చోట రేకు మార్పించాను. పిల్లి నీ కుర్చీలోనే పడుకుంటోంది, లేపితే నన్నే పైకీ కిందికీ చూస్తోంది. నువ్వు మోజుపడి కొన్న కెటిల్ అడుగు మాడింది. అది ఈల వేయడం మానేసింది, నా తప్పేం లేదు. పోస్ట్‌మన్ కూడా ఈ మధ్య బద్ధకిస్టు అయ్యాడు. తలుపు కొట్టకుండా ఉత్తరం కిటికీలోంచి విసిరేసి పోతున్నాడు.

ఫోన్ సంగతి. నేను ఎత్తడం లేదని, ఎత్తినా పొంతన లేని జవాబులిస్తున్నానని అమ్మాయి అలిగిందట. మొన్న చిన్నోడికి జలుబు చేసిందని చెబితే "చాలా సంతోషం తల్లీ" అన్నానట. ఆ ఫోన్‌లో గరగర తప్ప ఇంకేం లేదు. దానికి నా తరఫున సర్దిచెప్పు. నాకు ఉత్తరమే హాయి. నీ అక్షరాలు కోడి కెలికినట్టున్నా రెండుసార్లు చదువుకోవచ్చు.

ఇంకా రెండు అడిగావు. బండి గుర్రం ఎర్రమ్మ ఎలా ఉంది అని ఒకటి, మీకు మేకులు ఎవరు అందిస్తున్నారు అని ఇంకొకటి. ఆ రెండింటికీ చివర్లో రాస్తాను. వాటిలో ఒక చేదు కబురుంది. నీకు ముందే ఆఖరి పేజీ తిప్పే అలవాటుంది, ఈసారికి తిప్పకు. నన్ను నా నడకన రానివ్వు.

ముందు పెద్ద మనవరాలి పని చూద్దాం. ఇంట్లోవాళ్ళు చేసే పని గురించి బళ్ళో నిలబడి మాట్లాడాలని, అది వాళ్ళ నాన్న ఆఫీసు గురించి చెప్పనంటే చెప్పనని, తాతయ్య గుర్రాలకు లాడాలు కొట్టడం గురించే చెబుతానని మొండికేసిందని రాశావు. ఆ ముక్క చదివి నేను మూడు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను. అల్లుడితో మాత్రం ఆ మాట అనకు, నొచ్చుకుంటాడు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇక్కణ్ణించి చదివి వినిపించు.

తల్లీ, ముందు నీ బొటనవేలి గోరు చూసుకో. గుర్రం గిట్ట అంటే అలాంటి ఒకే ఒక్క పెద్ద గోరు. అంత జంతువూ కాలికొక్క గోటి మీద నిలబడి బతుకంతా నడుస్తుంది, పరిగెత్తుతుంది. మీ అమ్మమ్మ ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అందులోని భాగాలన్నీ గుర్తుండక ఇంట్లో ఉండేవాటి పేర్లు పెట్టుకుంది. ఇప్పుడు నాకూ అవే అలవాటయ్యాయి. చుట్టూ గట్టిగా కనిపించేది గోడ. బరువు చాలావరకు మోసేది అదే. పైన వెంట్రుకలు ఆగి గిట్ట మొదలయ్యే అంచు చూరు. గోడ అక్కడే పుట్టి మెల్లగా కిందికి దిగుతుంది, నెలంతా కలిపి నీ చిటికెనవేలి గోరంత. పైన పుట్టింది కింద నేలను తాకేసరికి దాదాపు ఏడాది. గుర్రానికి గట్టిగా జ్వరం వస్తే ఆ రోజుల్లో పుట్టిన గోడ మీద ఒక చార పడుతుంది. ఆ చార ఎంత కిందికి జారిందో చూసి, "దీనికి నాలుగు నెలల కిందట ఒంట్లో బాగాలేదు కదూ" అంటాను. గుర్రం మనిషి నోరెళ్ళబెడతాడు. ఆ కిటుకు నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

గోడ మీద సన్నటి మెరుపు పూత ఉంటుంది, లోపలి తడి ఆరిపోకుండా. కొందరు అందం కోసం ఆకురాయితో గోడంతా గీకి నున్నగా చేస్తారు. ఎండలు రాగానే పగుళ్ళు. నేను ఆ పని చేయను.

ఇప్పుడు కాలు ఎత్తి అడుగు చూద్దాం. పరుచుకుని ఉండేది గచ్చు. అది కాస్త పళ్ళెంలా లోపలికి గుంటగా ఉంటుంది, నేలకు పూర్తిగా ఆనదు. లోపలున్న ఎముకకు అది కాపలా. మడమ వైపు నుంచి గచ్చు మధ్యలోకి మూడు మూలల ముద్ద ఒకటి వస్తుంది. బొటనవేలితో నొక్కితే రబ్బరులా లోపలికి పోతుంది. దాని పేరు దిండు. జారిపోకుండా నేలను పట్టుకునేది అదే, అడుగు పడ్డప్పుడు కుదుపును మింగేదీ అదే. దానిపైన లోపల ఇంకో మెత్త ఉంది. కాలు మోపినప్పుడల్లా ఆ రెండూ నొక్కుకుని, కిందికి దిగిన రక్తాన్ని మళ్ళీ పైకి తోస్తాయి. అందుకే నడవకుండా కట్టేసిన గుర్రం కాళ్ళు వాచిపోతాయి. గుండె ఒంటరిగా అంత పని చేయలేదు పాపం, కాళ్ళు నాలుగూ సాయం పట్టాలి.

గోడ మడమ దాకా వచ్చి ఆగిపోదు. లోపలికి మడత తిరిగి, దిండుకు ఇటూ అటూ కొంత దూరం వస్తుంది. వాటిని అమ్మమ్మ పిట్టగోడలు అంటుంది. మడమ ముడుచుకుపోకుండా కాచేవి అవే. కొత్తవాళ్ళు అవి ఎందుకూ పనికిరావనుకుని కత్తితో చెక్కేస్తారు. నేనూ మొదటి ఏడాది చెక్కాను. మా గురువు ఆ కత్తి లాక్కుని నెల రోజులు నా చేత కొలిమి ఊదించాడు.

ఇక నీ ప్రశ్న. "కాలికి మేకు కొడితే గుర్రానికి నొప్పి పుట్టదా?" అని అడిగావట. బళ్ళో అందరూ అడిగేది అదే, బాగా విను. గోడా గచ్చూ కలిసే చోట చుట్టూ సన్నటి గీత ఉంటుంది. పేరు తెల్ల గీత, చూడ్డానికి పాలిపోయిన పసుపు. ఆ గీతకు బయట ఉన్నదంతా నువ్వు కత్తిరించి పారేసే గోరు లాంటిది. లోపల ఉన్నది వేరు. అక్కడ పుస్తకంలో కాగితాల్లా వందల పొరలు ఒకదానిలో ఒకటి దూరి, ఎముకను గోడకు అంటిపెట్టి పట్టుకుంటాయి. నెత్తురూ నొప్పీ అన్నీ అక్కడే. మేకు గీతకు బయటే ఉండాలి. మేకు మొన ఒక పక్క ఏటవాలుగా ఉంటుంది. ఆ పక్కను లోపలి వైపు పెట్టి కొడితే, మేకు బయటికి వంగి గోడలోంచి తల చూపిస్తుంది. ఆ చివర తుంచి, మడిచి, నునుపు చేస్తాం. గుర్రం ఈలోపు నిద్రపోయినా పోతుంది.

లోపలికి పోతోందో బయటికి వస్తోందో ఎలా తెలుస్తుందంటే, చప్పుడును బట్టి. గట్టి గోరులో దిగే మేకు ప్రతి దెబ్బకూ టంగుమని పలుకుతుంది. మెత్తటి వైపు తిరిగిందంటే ఆ చప్పుడు మూగబోతుంది. వెంటనే ఆగి లాగేయాలి. ఇంతే తల్లీ తాతయ్య పని. కవర్లో ఒక గిట్ట ముక్క పెట్టాను, కడిగి ఆరబెట్టిందే. దాని మీద తెల్ల గీత కనిపిస్తుంది, మీ టీచర్‌కు చూపించు. పక్కింటి కుక్కకు మాత్రం అందనివ్వకు. కుక్కలకు అదంటే ప్రాణం.

ఇక్కడ ఆపు. పిల్లను ఆడుకోమని పంపించి, మిగతాది నువ్వొక్కదానివే చదువుకో.

ఎర్రమ్మ కుంటింది. నా మేకు వల్లే కుంటింది.

నువ్వు రైలెక్కిన పదో రోజున గొడుగు పెద్దాయన దాన్ని తీసుకొచ్చాడు. ఎండలోనూ వానలోనూ గొడుగు మడవని ఆ మనిషికి ఉన్నది ఒక్క బండి, ఒక్క గుర్రం. పార్కు చుట్టూ పిల్లల్ని తిప్పుకుంటేనే ఆయనకు రోజు గడుస్తుంది. లాడం అరిగిపోయిందన్నాడు. నేను సరేనన్నాను. ముందరి ఎడమ కాలు నా మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాను. పెద్దాయన తల దగ్గర పగ్గం పట్టుకున్నాడు. మేకులు నా జేబులో ఉన్నాయి. రెండు కొట్టాను. లోపలి వైపు మూడోది కొట్టాను. అది ఎలా పలికిందో నాకు తెలియదు. అది చెప్పడానికే ఇంతసేపూ నీళ్ళు నమిలాను. ఏమోయ్, నాకు మేకు చప్పుడు వినపడటం లేదు.

ఇప్పుడు కాదు, రెండేళ్ళయింది. కెటిల్ బాగానే ఈల వేస్తుందనుకుంటాను. పోస్ట్‌మన్ కూడా తలుపు కొట్టే ఉంటాడు. నాకు సుత్తి దెబ్బ చేతికి తెలుస్తుంది, గుండెకు తెలుస్తుంది, చెవికి మాత్రం ఏదో దుప్పటి కింద కొట్టినట్టుంటుంది. ఈ రెండేళ్ళూ నేను పని ఎలా చేశానో నీకు చెప్పలేదు. నువ్వు ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని ఒక్కో మేకూ అందిస్తావు కదా. నేను నీ చేతివంక చూసేవాణ్ణి. ఒక మేకు దిగేలోపే నీ చెయ్యి రెండోదానితో ముందుకొస్తే, చప్పుడు బాగుందన్నమాట. నీ చెయ్యి ఒడిలోనే ఉండిపోతే ఏదో తేడా పడిందన్నమాట, లాగేసేవాణ్ణి. నిన్ను భలే బురిడీ కొట్టిస్తున్నానని లోలోపల నవ్వుకునేవాణ్ణి కూడా. ఆ రోజు మూడో మేకు సగంలో ఉండగా అలవాటుకొద్దీ తలెత్తి చూశాను. ముక్కాలిపీట ఖాళీగా ఉంది. అయినా కొట్టేశాను.

ఎర్రమ్మ ఉలిక్కిపడలేదు. మేకు నేరుగా గుచ్చుకుని ఉంటే అక్కడికక్కడే తన్నేది. అది గీత దాటి పొరలను ఆనుకుని కూర్చుంది. మూడో రోజుకు కాలు మోపలేకపోయింది. కబురొస్తే పరిగెత్తాను. గిట్ట మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. పెద్దాయన నీళ్ళు తేవడానికి వెళ్ళిన సమయంలో లాడం ఊడదీశాను. మూడో మేకు మొన తడిగా, నల్లగా వచ్చింది. దాన్ని జేబులో వేసుకున్నాను. ఆయన తిరిగొచ్చి, "ఏమైంది దానికి?" అన్నాడు.

"రాయి గుచ్చుకున్నట్టుంది పెద్దాయనా" అన్నాను.

అంత సులువుగా అబద్ధం వస్తుందని నాకే తెలియదు. పశువుల డాక్టరమ్మ వచ్చి చీము తీసింది, మందు పెట్టి కట్టు కట్టింది, రెండు వారాలు కదపొద్దంది. వెళుతూ వెళుతూ నావైపు ఒక చూపు చూసింది. తల కొట్టేసినట్టయింది.

అయినా నోరు విప్పలేదు. ఆ తర్వాత నాలుగు రోజులకు పొద్దున్నే పాలకు వెళుతుంటే పార్కు దారిలో పెద్దాయన కనిపించాడు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో చీపురు. బండి తిరిగే దారంతా ఊడుస్తున్నాడు. వంగి చిన్న చిన్న రాళ్ళు ఏరి జేబులో వేసుకుంటున్నాడు. ఇదేంటన్నాను.

"మళ్ళీ దానికి రాయి తగలకూడదు కదయ్యా" అన్నాడు. "అది కోలుకునేసరికి దారి శుభ్రంగా ఉండాలి. రోజూ ఊడుస్తున్నా."

పాలు తేవడం మర్చిపోయి ఇంటికొచ్చాను. ఆ మేకు ఇంకా జేబులోనే ఉంది. మధ్యాహ్నం ఆయన కొట్టానికి వెళ్ళి, ఎర్రమ్మ ముందే దాన్ని ఆయన చేతిలో పెట్టి మొత్తం చెప్పాను. చెవుల సంగతి కూడా. నీకంటే ముందు ఆయనకు చెప్పాల్సి వచ్చింది, ఏమీ అనుకోకు.

చాలాసేపు మేకును తిప్పి తిప్పి చూశాడు. ఆ తర్వాత గొడుగు మడిచాడు. నేను ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను, ఆయన గొడుగు మడవగా చూడటం అదే మొదటిసారి. భయమేసింది.

"మేకు తప్పింది. సరే, చెయ్యన్నాక తప్పుతుంది" అన్నాడు. "రాయి అని ఎందుకన్నావ్?"

"మొహం చెల్లక" అన్నాను.

"నీ మొహం కోసం నేను నాలుగు రోజులు రోడ్డు ఊడ్చానన్నమాట."

నేను తల దించుకున్నాను. ఆయన ఇంకా ఏదో అన్నాడు, వినపడలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు. అప్పుడు దగ్గరికొచ్చి, నా మొహంలో మొహం పెట్టి గట్టిగా చెప్పాడు. "మీ ఆవిడ ఊరెళ్ళే ముందు నా దగ్గరికొచ్చింది. 'నేను వచ్చేదాకా దీనికి లాడం మార్పించకండి అన్నయ్యగారూ, ఇంకో రెండు నెలలు వస్తుంది' అంది. ఎందుకో చెప్పలేదు. నేనే ఆగలేక తోలుకొచ్చా. తప్పు నాదీ ఉంది."

ఏమోయ్, నేను అక్కడే గడ్డి మోపు మీద కూర్చుండిపోయాను. మనం కలిసి పని మొదలుపెట్టి ఇన్నేళ్ళయిందా, మేకులు నువ్వు ఎప్పుడైనా ఒక్కొక్కటిగా అందించావా? గుప్పెడు తీసి నా చేతిలో పోసేదానివి, నేను నోట్లో పెట్టుకునేవాణ్ణి. రెండేళ్ళ కిందటే కదా, ఉన్నట్టుండి, "ఇనుము నమిలితే పళ్ళు పోతాయి, ఇకనుంచి డబ్బా నా దగ్గరే ఉంటుంది" అన్నావు. నేను నిజంగానే నా పళ్ళ మీద ప్రేమ అనుకున్నాను. చప్పుడు మూగబోయినప్పుడు నీ చెయ్యి ఆగిపోయేది కదా, ఎంత నిదానం మనిషివో అని రెండు మూడుసార్లు విసుక్కున్నాను కూడా. నువ్వు ఆ విసుగు మింగేసి మేకు పట్టుకుని కూర్చున్నావు. నేను నిన్ను బురిడీ కొట్టించానట! ఎంత వెర్రివాణ్ణి.

నాకు ముందే చెప్పి ఉండొచ్చు కదా అని కోపం వచ్చిన మాట నిజం. ఒక పూట ఉంది ఆ కోపం. చెబితే నేను సుత్తి పారేసి మూల కూర్చుంటానని నీకు తెలుసు. నిజంగానే కూర్చునేవాణ్ణి.

పెద్దాయన ఒక షరతు పెట్టాడు. "వినపడేలా చేసుకుని రా, మళ్ళీ నీ దగ్గరికే తెస్తా. అందాకా దాని కాలు ముట్టుకోవద్దు" అన్నాడు. రేపట్నుంచి చీపురు నాదేనని కూడా అన్నాడు. ఇక ఊడ్చే అవసరం లేదు కదా అంటే, పిల్లలు నడిచే దారి, శుభ్రంగా ఉంటే తప్పేముంది అన్నాడు. వారం రోజులుగా ఊడుస్తున్నాను. నడుము విరుగుతోంది. ఎర్రమ్మ నిన్న కాలు పూర్తిగా మోపింది. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు, నా చొక్కా జేబు వాసన చూసింది.

చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. అక్కడొక అమ్మాయి నా చెవులకు డిప్పలు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. నేను టకటకా నొక్కేశాను. ఆ అమ్మాయి మొదట సంబరపడింది. కాసేపటికి అనుమానమొచ్చి నా కుర్చీని గోడవైపు తిప్పేసింది. నేను ఆ పిల్ల కళ్ళు చూసి నొక్కుతున్నాను మరి, అలవాటు ఎక్కడికి పోతుంది! గోడకేసి చూస్తూ కూర్చున్నాక ఒక్కసారి కూడా నొక్కలేకపోయాను. ఆ మాటకొస్తే రెండుసార్లు నొక్కాను, ఊరికే బాగుండదని. కొలిమి పక్కన సుత్తి దెబ్బలకే సన్నటి శబ్దాలన్నీ పోయాయని, మిషను పెడితే మాటలు తెలుస్తాయని డాక్టరు రాసిచ్చాడు. మేకు చప్పుడు తెలుస్తుందా అని అడిగాను. అంతవరకు ఎవరూ ఆయన్ని ఆ మాట అడిగినట్టు లేదు. "పెట్టుకుని చూడాలి" అన్నాడు. ఆ జవాబుతో నేను ఇంకా కుస్తీ పడుతున్నాను. తెలియకపోతే, గిట్టలు సాపు చేసి ఊరుకుంటాను, మేకు పట్టను. ఇంతకాలం చేసిన పని లేకుండా ఉండటమంటే ఏమిటో నాకు తెలియదు. భయంగా ఉంది. నీకు తప్ప ఇంకెవరికీ ఈ మాట రాయలేను.

ఇది చదివి ఉన్నపళాన రైలెక్కకు. అమ్మాయి కోలుకోవాలి, చిన్నోడికి నీ ఒడి కావాలి. నేను గడుపుకోగలను. అమ్మాయికి చెవుల సంగతి నువ్వే చెప్పు, "చాలా సంతోషం" అన్నందుకు అయినా క్షమిస్తుంది.

నాకు ఒక్క పని చేసిపెట్టు. ఈ రెండేళ్ళలో నువ్వు అటు తిరిగి చెప్పినవాటికి నేను "ఊఁ" కొట్టినవి చాలా ఉన్నాయి. ఏం ఒప్పుకున్నానో, దేనికి తలూపానో నాకే తెలియదు. పోతే పోనీ, వాటిలో సగం కూరగాయల సంగతులే అయి ఉంటాయి. ఒక్కటి మాత్రం కావాలి. పోయిన ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం నువ్వు కిటికీ దగ్గర నిలబడి బట్టలు మడతపెడుతూ చాలాసేపు ఏదో చెప్పావు. నీ వీపు మాత్రమే కనిపిస్తోంది. చివర్లో కొంగుతో కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగావు. నేను "ఊఁ, అలాగే" అన్నాను. నువ్వు నావంక కాసేపు చూసి, మిగిలిన బట్టలు మడతపెట్టుకున్నావు. నాకు వినపడదని తెలిసే చెప్పావేమో. అయినా సరే, ఆ రోజు ఏం చెప్పావో రాయి. ఎంత పొడుగైనా రాయి.

ఇట్లు,
నీ మొగుడు